కేరాఫ్ పుస్తకం

పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి అటు తిరిగేసరికి ఫోను మోగేది. ఎవరా అని చూడక్కర్లేదు. ఆ వేళకి నాకు ఫోన్ చేసే మనిషి ఒక్కతే.

"అమ్మా, ఏటైనా వచ్చిందా?"

"ఇంకా రాలేదమ్మా. రేపు చూద్దాం."

"అలాగేనమ్మా."

అంతే, పెట్టేసేది. నేను వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. ఒక్కోరోజు అప్పటికే పాలు పొంగిపోయి ఉండేవి. పొయ్యి తుడుచుకుంటూ నన్ను నేనే తిట్టుకునేదాన్ని, ఎవరు రాయమన్నారే నిన్ను ఆ పుస్తకం అని.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మద్దిలపాలెంలో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థలో నా ఉద్యోగమంతా గడిచింది. నేర్చుకోడానికి వచ్చే పిల్లలకంటే వాళ్లని దిగబెట్టడానికొచ్చే తల్లులూ తండ్రులే నన్ను ఎక్కువ ప్రశ్నలడిగేవారు. ఈమెయిలంటే ఏటి మేడమ్? పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదంటే మా ఆయనకి కూడానా? పంపింది వెనక్కి తీసుకోవచ్చా? ఆ ప్రశ్నలన్నీ పోగేసి, ఈమెయిలూ ఇంటర్నెట్టూ ఎలా వాడుకోవాలో తేలిక తెలుగులో ఒక పుస్తకం రాశాను. రాసిన ప్రతి పేజీ గోపాలపట్నంలో మా పక్కింటి పిన్నిగారికి చదివి వినిపించేదాన్ని. ఆవిడ కనుబొమ్మలు ముడిపడ్డాయంటే ఆ పేజీ మళ్లీ రాసేదాన్ని. అంత కష్టపడ్డాను. ఆ వాక్యాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

అందులో ఒక చోట, దరఖాస్తు ఎలా నింపాలో చూపించడానికి నింపేసిన దరఖాస్తు బొమ్మ ఒకటి వేశాం. పేరూ ఊరూ కల్పించినవే. ఈమెయిల్ అడ్రసు మాత్రం నిజంది, నేనే తెరిచాను. బొమ్మ కింద ఇలా రాశాను: "మీ మొదటి మెయిలు ఈ అడ్రసుకే పంపండి. పుస్తకం ఎలా ఉందో రెండు ముక్కలు రాయండి. నేను జవాబిస్తాను." పాఠకుల అభిప్రాయాల కోసం తెరిచి పెట్టుకున్న పెట్టె అది. ఒక మంచిమాటకి మొహం వాచిపోయి ఉన్నాను మరి.

పుస్తకం బాగానే అమ్ముడుపోయింది. పెట్టెలో మొట్టమొదట పడింది ఎవరిదో పరీక్ష హాల్‌టికెట్టు. తర్వాత ఆనందపురం పూలరైతు పంటబీమా రసీదు. ఆ వెనకే, స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒకాయన మెడికల్ కార్డు గడువు అయిపోతోందని నోటీసు. ఎవరో ఆకతాయి పని అనుకున్నాను. అవి ఆగితే కదా. చివరికి రసీదు మీదున్న నంబరుకి ఫోన్ చేసి పూలరైతుని అడిగాను, నీ కాగితాలు నాకెందుకొస్తున్నాయి బాబూ అని.

"బొమ్మలో ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నానండి నెట్ షాపోడిని. తమరు కేరాఫ్ కదండీ?" అన్నాడు, చాలా మర్యాదగా.

మా వైపు కేరాఫ్ అంటే చిన్న సంగతి కాదు. రేవు పక్క వీధుల్లో ఇంటి నంబరు అడిగితే ఇంట్లోవాళ్లే చెప్పలేరు. ఉత్తరాలన్నీ వీధి మొదట్లో కిరాణా కొట్టుకో టీ బడ్డీకో వస్తాయి. ఫలానా కొట్టు కేరాఫ్ అని రాస్తే చాలు, కొట్టాయన దారినపోయేవాళ్లని కేకేసి ఇస్తాడు. పెళ్లి శుభలేఖలూ అలాగే చేరతాయి, కోర్టు కాగితాలూ అలాగే చేరతాయి. అలాంటి మనుషుల చేతిలో అచ్చేసిన అడ్రసు పెట్టి, కింద "నేను జవాబిస్తాను" అని కూడా రాస్తే ఏమనుకుంటారు? నమ్మకమైన కొట్టు దొరికిందనుకున్నారు. అలా ఆ కొట్టు నా నెత్తిన పడింది.

ఇక చూడండి నా అవస్థ. పొద్దున్నే పెట్టె తెరవడం, ఎవరి కాగితం ఎవరిదో పోల్చుకోవడం, నంబరు దొరికితే ఫోన్ చేయడం. దొరక్కపోతే రోజంతా ఆ బెంగే. పోనీ వదిలేద్దామా అంటే, పరీక్ష రాయాల్సిన పిల్ల మొహం తెలియకపోయినా కళ్లముందే ఉండేది. రిటైరయ్యాక నాకు విశ్రాంతి దొరుకుతుందన్న మహానుభావులు ఎక్కడున్నారో గానీ, తల ప్రాణం తోకకొచ్చింది.

పాఠకుల అభిప్రాయాలు రాలేదా అంటే, వచ్చాయి. పెట్టెలోకి కాదు, ఆన్‌లైన్‌లో పుస్తకాలమ్మే చోట, చుక్కలతో సహా. ఒకాయన ఐదు చుక్కలిచ్చి రాశాడు: "మంచి పుస్తకం. మేడమ్ గారే ఫోన్ చేసి విషయం చెబుతారు." ఇంకొకాయన రెండు చుక్కలు: "పార్సిల్ కవరు చిరిగి వచ్చింది." ఎవరో అమ్మాయి ఐదు చుక్కలు: "మా నాన్నగారికి కొన్నాను. ఆయన ఇంకా తెరవలేదు. అందరూ కొనండి." ఒక మహారాజు ఒకే ఒక్క చుక్క: "హాల్‌టికెట్టు సంగతి ఆలస్యంగా చెప్పారు. సర్వీసు బాగోలేదు." అది చదివి అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. లోపల ఏం రాశానో, అర్థమైందో లేదో, ఒక్కరంటే ఒక్కరు అనలేదు. ఆ కోపం దిగాక మిగిలింది ఉత్త నీరసం. కంప్యూటర్ కట్టేసి పడుకున్నాను.

పుస్తకం వేసినతను ఒకప్పటి నా విద్యార్థే. మద్దిలపాలెంలోనే మేడ మీద చిన్న ఆఫీసు. రెండో ముద్రణ వేద్దామని పిలిచి, నా మొహం చూసి జాలిపడ్డాడు.

"అక్కా, ఆ పెట్టె మూసెయ్. కొత్త ముద్రణలో దొంగ అడ్రసొకటి పెట్టేద్దాం. ఎవరేం కొట్టినా ఎక్కడికీ పోదు," అన్నాడు.

నాకూ అదే కావాలి. కానీ ఉన్నపళంగా మూస్తే అందరి కొంపా మునుగుతుంది. అందుకని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, సొంత అడ్రసు తెరిపించి, ఆఫీసుల్లో మార్పించాను. పుస్తకంలో రాసిందే మళ్లీ నోటితో చెప్పాను. పూలరైతు మారాడు. మెడికల్ కార్డాయన సణుక్కుంటూ మారాడు. అందరూ అయ్యాక ఒక్కతి మిగిలిపోయింది. పొద్దున్నే ఫోన్ చేసే మనిషి.

ఆవిడ రేవు దగ్గర చేపలెండబెట్టి అమ్ముతుంది. వాళ్లాయన పడమటి తీరానికి పనికెళ్లి అక్కడి పెద్ద బోటెక్కాడు. ఆ బోటు దారి తప్పి పక్క దేశం నీళ్లలోకి పోయింది. బోటులో ఉన్నవాళ్లందర్నీ పట్టుకుని జైల్లో పెట్టారు. విడిపించమని ఆవిడ ఢిల్లీకి ఒక అర్జీ పెట్టుకుంది. జవాబు పంపాల్సిన చోటు అని ఉన్న దగ్గర నా పుస్తకంలోని అడ్రసు ఉంది. అర్జీ అందిందన్న రసీదు నా పెట్టెలో పడితే, అందులో ఉన్న నంబరుకి నేనే ఫోన్ చేసి చెప్పాను.

ఆ అర్జీ టైపు చేసింది పాతూళ్లో జిరాక్సు షాపు భాయ్. సంగతి తెలిసిన రోజు ఒళ్లు మండిపోయి బస్సెక్కి వెళ్లాను. షాపులో గాజు బల్ల మీద నా పుస్తకం ఉంది, అట్ట నలిగి.

"మీకు సొంత ఈమెయిల్ లేదా? అదివ్వచ్చు కదా?" అని గట్టిగానే అడిగాను.

ఆయన కుర్చీ లాగి వేసి కూర్చోమన్నాడు. "ఉంది మేడమ్. కానీ నాది ఇత్తే, రేపు నాను షాపు మూసేత్తే ఏటి గతి? ఈ కేసులు ఏళ్లు పడతాయి. పుస్తకంలో అచ్చయిందంటే పర్మినెంటు కదా. ఆమెకి పర్మినెంటుది కావాలి."

ఆయన తెప్పించిన టీ తాగి వచ్చేశాను. అడ్రసు మార్చమని ఢిల్లీకి రాసి చూశాను, మళ్లీ రాశాను. గోడకి చెప్పినట్టే అయింది. అర్జీలో ఉన్న అడ్రసుకే జవాబొస్తుంది, వస్తే. పెట్టె మూస్తే ఆ మనిషి కబురు గాల్లో కలిసిపోతుంది. ఆ కబురు తేలేదాకా అడ్రసు మార్చొద్దు, ముద్రణ ఆపమని నా విద్యార్థికి చెప్పాను. అతను విసుక్కున్నాడు. విసుక్కుంటే విసుక్కోనీ.

అప్పట్నుంచీ అదే మాట రోజూ. ఏటైనా వచ్చిందా, ఇంకా రాలేదమ్మా, రేపు చూద్దాం. వానలు పడి వెలిసినా అదే మాట. జ్వరమొచ్చి లేవలేని రోజున కూడా మంచం మీదనుంచే పెట్టె తెరిచి చూశాను. నిజం చెప్పాలంటే కొన్నాళ్లకి ఆ ఫోనంటే భయం పట్టుకుంది. ఒక మనిషికి రోజూ పొద్దున్నే లేదు అని చెప్పడం ఎంత కష్టమో నాకు అంతకు ముందు తెలీదు. ఆవిడ ఒక్కసారైనా ఏడ్చినా, నన్ను తిట్టినా బాగుండును. "అలాగేనమ్మా" అని పెట్టేసేది.

ఒకరోజు అలాగే ఫోన్ అయింది, లేదని చెప్పాను, కాఫీ తాగాను, ఊరికే మళ్లీ పెట్టె తెరిచాను. వచ్చి ఉంది. విడుదల చేస్తున్నవాళ్ల పేర్లు. ఆయన పేరు, వాళ్ల నాన్న పేరు, ఊరు. వేలు పెట్టి చదువుకున్నాను. వెంటనే ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. మళ్లీ చేశాను, అదే. ఇక ఇంట్లో కూర్చోలేకపోయాను. ఉన్న చీరతోనే బస్సెక్కి పాతూళ్లో దిగి, ఆటో కట్టించుకుని రేవుకి వెళ్లాను.

ఎండుచేపల దిబ్బల దగ్గర అడిగితే చూపించారు. సన్నటి మనిషి. నాకంటే చాలా చిన్నది, నా మనసులో ఎందుకో ముసలావిడ ఉండేది. వంగి చేపలు తిరగేస్తోంది. "అమ్మా" అన్నాను. గొంతు పోల్చుకుని నిలబడిపోయింది.

"ఫోన్లో మీరేనా అమ్మా?"

"వచ్చిందమ్మా," అన్నాను.

చేతులు కొంగుకి తుడుచుకుంది. "సదవండి," అంది.

ఫోన్లో ఆ మెయిలు తెరిచి, తెలుగులో చెప్పుకుంటూ చదివాను. "మల్లీ సదవండి" అంది. మళ్లీ చదివాను. అప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్లందర్నీ పిలిచి, "ఇప్పుడు ఈలకి కూడా సదవండమ్మా" అంది. మూడోసారి చదువుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. పక్కావిడ నా వీపు నిమిరింది. కబురందుకున్న మనిషి మాత్రం ఏడవలేదు. మళ్లీ వంగి చేపలు తిరగేయడం మొదలుపెట్టింది.

"తిరగెయ్యకపోతే పాడైపోతాయమ్మా. ఆడికి ఎండునెత్తళ్లంటే ఇట్టం," అంది, నా వైపు చూడకుండా.

వచ్చేటప్పుడు పేపర్లో కట్టి నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. నేను చేపలు తినను. ఆ మాట అనబుద్ధి కాలేదు. గోపాలపట్నం దాకా బస్సులో జనం నన్నూ పొట్లాన్నీ చూసి ముక్కులు మూసుకుంటూనే ఉన్నారు.

ఆయన రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. వచ్చిన రోజు సాయంత్రం ఫోన్ చేసి, "వచ్చేశాడమ్మా, సిక్కిపోయాడు, అన్నం తింతన్నాడు" అని చెప్పింది. వెనక చాలామంది గొంతులు వినబడ్డాయి. ఆ తర్వాత ఫోను ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. పాలు పొంగకుండా కాచుకున్నాను. రెండు మూడు రోజులు పోయాక పొయ్యి ముందు నిలబడి ఫోను వైపు చూస్తున్నానని నాకే తెలిసి సిగ్గేసింది.

రెండో ముద్రణకి అంతా సిద్ధమైంది. దొంగ అడ్రసు పెట్టేశారు. "అక్కా, ఇంక పెట్టె మూసెయ్యొచ్చు" అని అతను కబురు పెట్టాడు. మర్నాడు పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, మూసేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పెట్టె ఖాళీగా ఉంది. అంత ఖాళీగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. మూసేయాలా అని అది అడుగుతోంది, అవును అని నొక్కాలి. అప్పుడు ఫోను మోగింది.

"అమ్మా, ఏటైనా వచ్చిందా?"

నాకు అర్థం కాలేదు. "మీ ఆయన వచ్చేశాడు కదమ్మా. ఇంకేం రావాలి?"

"మాకు కాదమ్మా. మీకు," అంది. "నాకు సదువు రాదు కదా. నిన్న భాయ్ కొట్టుకాడ మీ బుక్కు సూపించి, బొమ్మ కింద ఏటి రాసుందో సదవమన్నాను. బుక్కు ఎలాగుందో రాయండని అడిగారంట కదా, ఆ పెట్టి మీరు దానికే పెట్టుకున్నారంట కదా. మరి ఎవులైనా రాశారా అని."

పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినబడుతోంది. లేవలేకపోయాను. ఇన్నాళ్లూ రోజూ ఆవిడకి చెప్పిన మాటే, ఈసారి నా గురించి.

"ఇంకా రాలేదమ్మా," అన్నాను.

"అలాగా," అంది. "రేపు సూద్దామమ్మా."