పెద్దలు పంచని మెయిలు

"నాను ఎవులికీ సెప్పలేదు. మావ కూడా సెప్పలేదంట. మరి నా కడుపులో గుంట ఎదుగుదల తక్కువున్నాదని ఆ రాణికి ఎలాగ తెలిసినట్టు, అన్నియ్యా?"

భారతి ఎండు నెత్తళ్ళ చేపల గంప మీద గోనె కప్పేసి, ఆమదాలవలస బజారులో ఓ మూసిన కొట్టు అరుగు మీద, వరసకు అన్న అయ్యే ఊరివాడి పక్కన కూచుని ఉంది. ఐదో నెల దాటింది. అడిగిన ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. అయినా తెలియనప్పుడు ఎలా ఉండేదో ముందు చెప్పుకుంటేగాని తర్వాతి మాట ఆమెకు పెగలదు.

మావ అంటే ఆమె భర్త అప్పలసూరి. రాణి అతని మొదటి భార్య. ఆ ఇద్దరికీ పొసగలేదు. రెండు రేవుల పెద్దలూ ఒకచోట కూచుని తగువు తెంపారు. కుట్టుమిషను, ఇత్తడి సామాను, అప్పటిదాకా ఇద్దరూ వాడిన ఫోను రాణికి. వల, పడవలో వాటా అప్పలసూరికి. ఒక గరిటె దగ్గర కూడా వాదన జరిగిందని ఇప్పటికీ రేవులో నవ్వుకుంటారు. రాణి విజయనగరం వైపు తన కన్నవారి ఊరికి వెళ్ళిపోయింది. మరుసటేడు భారతి కాపురానికి వచ్చింది. పదో తరగతి దాకా చదివిన పిల్ల, నోరున్న పిల్ల. అత్తవారింటికి వచ్చిన కొత్తలోనే గంప ఎత్తుకుని ఆటో ఎక్కి, ఈ బజారులో తన చోటు తానే సంపాదించుకుంది. పక్కవాళ్ళు జరగమంటే జరగలేదు.

అప్పలసూరి ఏటా గుజరాత్ వేరావల్ వెళ్తాడు, అక్కడి బోట్ల మీద పనికి. సముద్రంలోకి మీటల ఫోను చాలని, కొత్తగా కొన్న టచ్ ఫోను భార్య చేతిలో పెట్టి వెళ్ళాడు. స్కానింగు సెంటరువాళ్ళు రిపోర్టు మెయిలుకు పంపుతామంటే భారతి ఆ ఫోనులో ఉన్న మెయిలే చెప్పింది. బిడ్డ నెలకు తగ్గట్టు లేదని, తిండి, విశ్రాంతి చూసుకుని మళ్ళీ రమ్మని డాక్టరమ్మ చెప్పింది. కిందటేడు ఒక కడుపు నిలవలేదు. అప్పుడు ఊరంతా వచ్చి పలకరించిన పలకరింపులు ఇంకా మానలేదు. అందుకే ఈసారి మొగుడికి తప్ప అత్తకు కూడా చెప్పలేదు.

అలాంటిది, చేపల బేరానికి రాణి ఊరివైపు తిరిగే నారాయణమ్మ ఓ పొద్దున బజారులో నలుగురి ముందూ పలకరించింది. "ఏటే, గుంట ఎదగట్లేదంట కదా? రాణి సెప్పింది."

గంప వదిలేసి పక్కకు వెళ్ళి భారతి వేరావల్‌కు ఫోను చేసింది. ఇంకా దాంతో మాటలున్నాయా అని అడిగేసింది. ఒట్టు పెట్టమంది. బిడ్డ మీద ఒట్టేమిటని అతను మండిపడ్డాడు. నీ నోరే ఆగి ఉండదన్నాడు. అంతకన్నా పెద్దమాట ఆమె అనేసింది. ఏమందో అన్నియ్యకు కూడా చెప్పలేదు, తల పక్కకు తిప్పుకుంది. ఆ సాయంత్రమే బోటు సముద్రంలోకి పోయింది. తిరిగి ఒడ్డుకు వచ్చేదాకా అతనికి ఫోను అందదు.

రెండో స్కానింగు రిపోర్టు వచ్చినప్పుడు ఆమెకు ఫోను మీద అనుమానం తట్టింది. విప్పని మెయిలు అక్షరాలు లావుగా ఉంటాయి. ఇది మాత్రం తాను ముట్టకముందే సన్నబడి ఉంది. ఫోను పట్టుకుని నేరుగా కాశీవిశ్వనాథం కొట్టుకు వెళ్ళింది. ఆ బజారులో ఫోన్లు అమ్మేది ఆయనే, బాగుచేసేదీ ఆయనే. అద్దాలు పైకి తోసుకుని ఏవేవో నొక్కాడు. కాసేపటికి ఆయన ముఖంలో రంగు మారింది.

"ఈ మెయిలు రెండు ఫోన్లలో ఉందమ్మా," అన్నాడు. "తప్పు నాదే. మీ ఆయన కొత్త ఫోను కొన్నప్పుడు నంబర్లన్నీ మళ్ళీ ఎక్కించే బాధ లేకుండా పాత మెయిలే ఇందులో పెట్టిచ్చాను. ఆ పాత ఫోను ఇంట్లోనే ఉందనుకున్నాను."

గరిటె కూడా పంచిన పెద్దలకు ఇది తట్టలేదు. తట్టడానికి అది కంటికి కనబడే వస్తువు కాదు. ఈ ఫోనుకు వచ్చిన ప్రతి ఉత్తరం, ఇందులో తీసిన ప్రతి ఫొటో, రాణి చేతిలోకీ వెళ్తూ వచ్చింది. పురిటి కోసం కుట్టించుకున్న జాకెట్టు సరిపోయిందో లేదో అని అద్దం ముందు తీసుకున్న ఫొటో కూడా. అది గుర్తొచ్చి భారతికి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది.

"నవ్వుకున్నాదో, జాలే పడినాదో. ఏది పడినా నాకు మంటే, అన్నియ్యా. నా కడుపు సంగతి నాను సెప్పాల. ఆవిడెవులు?"

మెయిలు పాస్‌వర్డు మార్చేస్తే రాణి ఫోనుకు ఇక అందదని కాశీవిశ్వనాథం చెప్పాడు. మార్చెయ్యమంది భారతి. ఆయన వేలు పెట్టబోతూ, ఒకసారి ఫొటోలు చూసుకో, నీవి ఏవైనా పోతే మళ్ళీ నన్నంటావన్నాడు. భారతి పాతవాటి నుంచి ఈమధ్యవాటి వైపు జరుపుతూ పోయింది. తనవి కాని ఫొటోలు వచ్చాయి. ఆస్పత్రి మంచం మీద ఒక ముసలామె. గ్లాసు పట్టుకున్న ముసలామె. నవ్వబోయి పళ్ళు లేవని చెయ్యి అడ్డం పెట్టుకున్న ముసలామె. ఆఖర్న అదే ముఖం, దండతో. రాణి తల్లి.

ఇవన్నీ ఆవిడ ఫోనులోనే ఉంటాయి కదా అని అడిగింది. ఉండకపోవచ్చన్నాడాయన. ఆ పాత ఫోనులో జాగా తక్కువ, ఎప్పుడో నిండిపోయి ఖాళీ చేసుకుని ఉంటుంది, అలా చేస్తే బొమ్మలు మెయిలులోనే మిగులుతాయి, మెయిలు తెగితే ఆవిడకి ఇక కనబడవు.

భారతి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. వారపు సంత నాడు వస్తాను, అప్పుడు మార్చుదురు గాని అని ఫోను తీసుకుని వచ్చేసింది. ఆ రోజు నుంచి దాంతో ఒక్క ఫొటో తీయలేదు. డాక్టరమ్మ మళ్ళీ రమ్మన్న తేదీ వచ్చింది. రిపోర్టు మెయిలుకు వస్తుందని వెళ్ళకుండా మానేసింది. అది తప్పని ఆమెకు తెలుసు. తెలిసే కూచుంది. మొగుడు ఒడ్డుకు వస్తే ఏ ముఖంతో మాట్లాడాలో అదీ తేలలేదు.

"ఆవిడ నా బొమ్మలు సూసినాది. నానూ ఆవిడ అమ్మని సూసీసినాను. ఇంక ఎవుల్ని తిట్టాల?"

బస్సు హారను విని లేవబోయింది, మళ్ళీ కూచుంది. గోనె అంచు సర్దింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అంది:

"నువ్వు రేపు విజయనగరం వైపే ఎల్తన్నావు కదా, అన్నియ్యా. రాణి కాడికి ఎల్లు. కుట్టుమిషను ఇల్లని అడిగితే ఎవులైనా సూపిస్తారు. సంత నాటికి మెయిలు మారిపోతాది, దాంట్లో ఉన్నవి బేగి ఏ కొట్టులోనైనా కార్డులోకి దింపుకోమని సెప్పు. నాను సెప్పమన్నానని సెప్పు, దాయకు. వాళ్ళమ్మని సూసినానని మట్టుకు సెప్పకు. గుంట ఎలాగున్నాదని అడుగుతాది. అడిగితే, నాకే ఇంకా తెల్దని సెప్పీ."