పాల ఫ్యాక్టరీకి వచ్చిన మెరుపు బూట్లు

ఆ పాల ఫ్యాక్టరీలో ట్యాంకులూ నేలా కడిగే పదకొండు మందికి ఆయన మేస్త్రీ. ఇరవై రెండేళ్లుగా అదే పని. అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. మిగతా అందరికీ మేస్త్రీయే, చివరికి కట్టుకున్న ఆవిడకి కూడా. నెమ్మదస్తుడు. ట్యాంకులు కడిగే వేడి సోడా నీళ్లు చేతి మీద చిందినా "అబ్బా" అని ఊరుకుంటాడు గానీ ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అలాంటి మనిషికి అరికాలి మంట నెత్తికెక్కిందంటే, దానికి కారణం ఒక జత బూట్లు.

అంతకుముందు వాళ్లకి మోకాళ్ల దాకా వచ్చే తెల్ల రబ్బరు బూట్లు ఉండేవి. చూడ్డానికి అందం చందం లేదు. నడుస్తుంటే బాతులు వెళ్తున్నట్టు చప్పుడు. కానీ మీగడ చిందిన నేల మీద జిగురు పెట్టినట్టు నిలబడేవి. కొత్తగా వచ్చిన కొనుగోళ్ల ఆఫీసరుకి అవి నచ్చలేదు. ఫ్యాక్టరీ చూడ్డానికి పెద్దవాళ్లు వస్తుంటారు, మన మనుషులు టిప్‌టాప్‌గా కనపడాలి అన్నాడు. ఏసీ గదిలో కూర్చుని, రంగుల బొమ్మల పుస్తకం తిరగేసి, నల్లగా నిగనిగలాడే తోలు బూట్లు ఎంచాడు. రోజుకు ఎనిమిది గంటలు నీళ్లలో నిలబడేవాళ్లకి తోలు బూట్లు! ఆ మాట విన్నప్పుడే మేస్త్రీ నోరు తెరిచాడు. కానీ పై నుంచి వచ్చిన నిర్ణయం కదా అని మళ్లీ మూసుకున్నాడు. అప్పుడు మూసుకున్నందుకు తర్వాత చాలాసార్లు తనను తానే తిట్టుకున్నాడు.

బూట్లు పంచిన రోజు స్టోరు గది కిటికీ దగ్గర వరసలో నిలబడ్డారు. లోపల గుమాస్తా అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు.

"మేస్త్రీ, ఎనిమిదా, తొమ్మిదా?"

"ఎనిమిదిన్నర."

గుమాస్తా కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఆ అర ఎక్కడి నుంచి తేను? ఎనిమిదీ, తొమ్మిదీ, రెండే తెప్పించారు."

"మరి మా పొడుగాయనది పది. వాడి సంగతేంటి?"

"తొమ్మిదిలో దూరమను. తోలు కదా, నాలుగు రోజులు వేసుకుంటే సాగుద్ది."

"ఒకసారి తొడిగి చూడనివ్వండి గుమాస్తాగారూ."

"ఇది పెళ్లిచూపులనుకున్నావా, కూర్చుని చూసుకోడానికి? సంతకం పెట్టి పట్టుకెళ్లు. వెనకాల జనం ఉన్నారు."

మేస్త్రీ తొమ్మిది తీసుకుని ముందు భాగంలో గుడ్డపీలికలు కుక్కుకున్నాడు. పొడుగాయన ఆయన కింద పనిచేసేవాడే, పదేళ్లు చిన్నవాడు, తలుపుల దగ్గర వంగి నడవాల్సినంత ఎత్తు. పాపం అతను అదే తొమ్మిదిలో తన పది సైజు పాదాలు దూర్చాడు. మడమ ఎక్కితే వేళ్లు ముడుచుకుపోతున్నాయి. ఊపిరాడటానికన్నట్టు తాళ్లు వదులు చేసి కట్టుకున్నాడు. వారం తిరగకుండానే సోడా నీళ్లకి తోలు నానింది, ఎండింది, అప్పడంలా పెళుసెక్కింది. అడుగుభాగమా, అద్దంలా నున్నన. పైన పటారం, లోన లొటారం.

రెండో వారం, మంగళవారం పొద్దున. మీగడ వేరుచేసే యంత్రం దగ్గర ఏదో గొట్టం వదులై నేలంతా మీగడ చిందింది. ట్యాంకు దగ్గరికి ఎక్కే వాలు మీద పొడుగాయన నీళ్ల గొట్టం భుజాన వేసుకుని నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగు వెయ్యలేదు. కాళ్లు రెండూ ఒక్కసారి ముందుకు జారిపోయాయి. అంత మనిషీ కుడి చెయ్యి మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు, యంత్రాల మోతలో కూడా మేస్త్రీకి వినబడింది.

మూడో రోజు షిఫ్టు సూపర్‌వైజరు ఒక కాగితం పట్టుకొచ్చాడు. "చూసిన సాక్షివి నువ్వే. ఇక్కడ ఒక సంతకం గీకు."

మేస్త్రీ చేతులు తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. వేలు పెట్టి నిదానంగా చదివాడు. కార్మికుడు బూట్ల తాళ్లు సరిగా కట్టుకోనందువల్ల, తన అజాగ్రత్త వల్ల జారిపడ్డాడు అని ఉంది. మళ్లీ చదివాడు. మొహం జేవురించింది.

"ఇది ఎవరు రాశారు?"

"ఎవరు రాస్తే నీకెందుకు?"

"తాళ్లు ఎందుకు వదులు చేశాడో రాశారా? కాలు పట్టని బూటు ఇచ్చింది ఎవరో రాశారా? నేల మీద నిలబడని అడుగు తెచ్చింది ఎవరో రాశారా? చెయ్యి విరిగినోడిదే తప్పని మాత్రం రాశారు!"

"మేస్త్రీ, గొంతు తగ్గించు. సంతకమేగా, ఆస్తులు రాసిమ్మన్నామా?"

"నేను చూసింది రాయండి, పది సంతకాలు పెడతా. ఇది పెట్టను." కాగితం వెనక్కి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం పొడుగాయన ఇంటికి వెళ్లాడు. ఒకటే గది. కుర్చీలో కూర్చుని, పిండికట్టు చెయ్యి దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. అంతా విని తల దించుకున్నాడు.

"పెట్టెయ్యి అన్నా. పెద్దోళ్లతో మనకెందుకు తగువు? నాదే తప్పనుకుంటే పోయె."

"నీదే తప్పనుకుంటే నీ సెలవుకి జీతం రాదురా, తెలుసా? వైద్యం ఖర్చూ నీ నెత్తినే. కాదు, డబ్బు సంగతి కూడా పక్కన పెట్టు. నీ కాళ్ల సంగతి నీకు తెలీదా? నువ్వు కూడా వాళ్ల మాటే అంటే ఎట్టా?"

పొడుగాయన భార్య గడప దగ్గర బట్టలు పిండుతోంది. ఆమె తలెత్తింది. "బావగారూ, ఈయన వేళ్లు చూశారా? నాలుగు గోళ్లు నల్లబడ్డాయి. పది రోజుల నుంచి చెప్తున్నా, ఆ బూట్లు ఆఫీసులో పారేసి రమ్మని. వినిపించుకుంటేనా!"

మేస్త్రీ ఆ గోళ్లు చూశాడు.

సెలవు రోజున సాయంత్రం బజారుకి వెళ్లాడు. చివరి సందులో పనివాళ్ల బూట్లు అమ్మే చిన్న కొట్టు ఉంది, యజమాని ఒక ముసలామె. ఆయన సంగతంతా చెబితే ఆమె నవ్వలేదు, జాలీ పడలేదు. ఒక పీట చూపించింది.

"కూర్చో నాయనా. మంచి టైముకే వచ్చావు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, కొలత అప్పుడే తియ్యాలి. పొద్దున్నే కొన్న బూటు సాయంత్రానికి శత్రువవుతుంది. పనికి వేసుకునే మేజోళ్లే వేసుకున్నావా? సరే, లే. నిలబడి చూడు, కూర్చుని కాదు. రెండు కాళ్లూ. ఒకటి పెద్దది ఉంటుంది, దాని మాటే వినాలి."

బూటు మీద ఆయన కాలి బొటనవేలి ముందు తన చేతి బొటనవేలు ఆనించి చూసింది. ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలంది. బూటు వంచి చూపించింది. వేళ్లు ముడుచుకునే చోట వంగాలి గానీ నడిమధ్యలో వంగితే అరికాలు చచ్చిపోతుందంది. అంచున కుట్టు ఉందో, ఉత్త జిగురేనో గోటితో గీకి చూపించింది. చివరికి ఒక రబ్బరు బూటు తిరగేసింది.

"ఇదిగో, ఈ గాళ్లు అంచు దాకా తెరిచి ఉన్నాయి చూడు. కాలు మోపగానే కింద ఉన్న నీళ్లు పక్కలకి పోతాయి. మీ వాళ్లు తెచ్చినదానికి గాళ్లే లేవు. ఇక నీళ్లు ఎక్కడికి పోతాయి? మనిషే పోతాడు."

ఆమె దగ్గర ఎనిమిదిన్నర కూడా ఉంది. వేసుకుని కొట్లో అటూ ఇటూ నడుస్తుంటే మేస్త్రీకి సుఖంగా అనిపించాల్సింది పోయి కడుపు రగిలిపోయింది. సందు చివర కొట్టు పెట్టుకున్న ముసలామెకి తెలిసింది, అంత చదువు చదివిన ఆఫీసరుకి తెలీదా? తెలుసుకోవాలనిపించలేదా? ఒక్కసారి, ఒక్కసారి కిందికి దిగొచ్చి మమ్మల్ని అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆమె గిన్నెలు తోముతూ విని, "నువ్వు నోటితో చెప్తే వాళ్లు పదిమాటలు చెప్తారు మేస్త్రీ. కళ్లకి చూపించు," అని తడి స్టీలు పళ్లెం చేతిలో పెట్టింది.

నెలనెలా జరిగే భద్రతా సమావేశానికి మేస్త్రీలు కూడా వెళ్లొచ్చు. వెళ్లి గోడ పక్కన నిలబడటమే ఆనవాయితీ. ఈసారి ఆయన పెద్ద పళ్లెం, చెంబుడు మీగడ నీళ్లు, ఉప్పు పొట్లాలు, తన నల్ల బూటొకటి, ముసలామె దగ్గర కొన్న రబ్బరు బూటొకటి పట్టుకుని వెళ్లాడు. పెద్ద మేనేజరు ఒకావిడ. ఆమె పక్కనే కొనుగోళ్ల ఆఫీసరు.

"ఏంటిది, ఇక్కడేమన్నా కడగాలా?" అన్నాడు ఆఫీసరు. ఒకరిద్దరు నవ్వారు.

"లేదు సార్, చూపించాలి." బల్ల మీద పళ్లెం పెట్టి మీగడ నీళ్లు పోశాడు. నల్ల బూటులోనూ రబ్బరు బూటులోనూ రెండేసి కిలోల ఉప్పు పొట్లాలు పెట్టాడు. రెండూ పక్కపక్కన నిలబెట్టి పళ్లెం ఒక అంచు మెల్లగా ఎత్తాడు. నాలుగు వేళ్ల ఎత్తు లేచిందో లేదో, నల్ల బూటు సర్రున జారి, బల్ల దాటి, ఆఫీసరు ఒళ్లో ఫైలు మీద పడింది. రబ్బరు బూటు కదల్లేదు. మేస్త్రీ ఇంకా ఎత్తాడు. జానెడు ఎత్తు దాకా అది అలాగే ఉంది.

"ఈ బూటుకి తాళ్లు గట్టిగానే కట్టాను సార్," అన్నాడు మేస్త్రీ. "దీని అజాగ్రత్త కూడా రాసుకుంటారా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు ప్యాంటు తుడుచుకుంటూ "ఇది పద్ధతి కాదు, ఇది అవమానించడం" అంటున్నాడు. మేస్త్రీ ఆయన వైపు తిరిగాడు. ఇరవై రెండేళ్లుగా ఎవరి మీదా లేవని గొంతు లేచింది.

"ప్యాంటు తడిస్తే అవమానమా సార్? మావాడి చెయ్యి విరిగితే ఏం కాదా?"

మేనేజరమ్మ పళ్లెం తన వైపు లాక్కుని, తన చేత్తో తనే ఎత్తి చూసింది. ఆ తర్వాత ప్రమాదం కాగితం తెప్పించి, ఆ వాక్యం కొట్టేసి, మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు రాయించింది. ఆయన కింద సంతకం పెట్టాడు. పొడుగాయనకి సెలవు జీతమూ వైద్యం ఖర్చూ వచ్చాయి.

రబ్బరు బూట్లు రావడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. ఈలోగా పాతవి, చిల్లులు పడ్డవి, మూల నుంచి తీసి వేసుకున్నారు. కొత్తవి వచ్చిన రోజు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. కొనుగోళ్ల విభాగం వారి చొరవతో మెరుగైన బూట్లు, అని. మేస్త్రీ అది చదివి చించబోయాడు. నలుగురు పట్టుకుని ఆపారు. ఇంటికెళ్లి చెబితే భార్య పడీ పడీ నవ్వింది. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

పొడుగాయన చెయ్యి అతుక్కుంది గానీ మణికట్టు తిన్నగా రాలేదు. గొట్టం ఎత్తలేడు. ప్యాకెట్ల మీద తేదీ ముద్ర పడిందో లేదో చూసే కుర్చీ పని ఇచ్చారు. "హాయిగా ఉంది అన్నా, కూర్చునే పని," అంటాడు. అంటూ ఎడమ చేత్తో కుడి మణికట్టు నొక్కుకుంటూ ఉంటాడు. కొనుగోళ్ల ఆఫీసరు అటుగా వచ్చినప్పుడల్లా లేచి నమస్కారం పెడతాడు. మేస్త్రీ పెట్టడు. గొట్టంలో నీళ్లు ఇంకాస్త జోరుగా వదిలి, నేల కడుగుతూనే ఉంటాడు. ఆఫీసరే పక్కకి తప్పుకుని, గోడ పట్టుకుని, జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ పోతాడు.