మూత లోపల చీటీ

టంకం పొగ ముక్కుకు తగిలితే ఇప్పటికీ నా వీపు నిటారుగా అవుతుంది, వెనక ఖలీల్ భాయ్ నిలబడి నా చేతిపని చూస్తున్నట్టే. కారేపల్లిలో ఆయనది ఫోన్లు బాగుచేసే దుకాణం. నాకు పని నేర్పింది ఆయనే. బాగుచేసిన ప్రతి ఫోన్ మూత లోపల పేరు రాసిన చీటీ అంటించేవాడు, అన్నిటి మీదా తన పేరే అనుకునేదాన్ని. "చెడితే ఎవల్ని తిట్టాల్నో తెల్వాలె గద!" అని నవ్వేవాడు.

ఆ దుకాణానికి సొంత యాప్ స్టోర్ కూడా ఉండేది. చుట్టుపక్కల వాళ్ళు చేసిన తొమ్మిది యాప్‌లను ఆయనే పరీక్షించి అందులో పెట్టాడు. వాటిలో ఒకటి నాది. అంగన్‌వాడీ పిల్లల కోసం మా తండా అవ్వలు లంబాడీలో చెప్పిన కథలు. దాని మీద నా పేరు పెట్టలేదు. తండా పిల్ల చేసిందంటే ఎవరూ ముట్టుకోరని నా భయం.

అంతలో ఫోన్ల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ కొత్త నిబంధన తెచ్చింది. యాప్ చేసినవాళ్ళు పేరు, గుర్తింపు కార్డు ఇచ్చి నమోదు కాకపోతే, ఏ స్టోర్ నుంచి దించుకున్నా అది ఫోన్లో ఎక్కదట. నాకు ఒళ్ళు మండింది.

"మన ఫోన్ల మనం ఏం వేస్కోవాల్నో చెప్పనీకి వాళ్ళెవలు భాయ్?"

"అవ్, నిజమే. గట్లనే వాళ్ళకు రాయి, నేను గూడ సంతకం పెడ్త. కని అందాక పిల్లల కథలు ఆగుతయ్ గద బేటా. నీ పేరెందుకు దాస్తున్నవ్?"

ఆయన ఒక పాత ఫోన్ మూత తీసి నా ముందు పెట్టాడు. చీటీ మీద ఆయన చేతిరాతలో నా పేరుంది.

"నువ్వు బాగుచేసినదానికి నా పేరెట్ల రాస్త? నాలుగేండ్లాయె. సరోజ చేసిందని ఒక్కలన్న వాపస్ ఇచ్చిండ్రా?"

ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ పూటే కార్డు పంపాను. మిగతా ఎనిమిది మంది ఇళ్ళకూ ఆయన స్కూటర్ మీద తిరిగాడు. ఏడుగురు ఒప్పుకున్నారు, ఒకరు జంకి తప్పుకున్నారు. ఆ ఒక్క యాప్ పోయినందుకు నా కోపం ఇంకా చల్లారలేదు.

అనుమతి వచ్చాక మా తండా అంగన్‌వాడీకి వెళ్ళాం. టీచరమ్మ ఫోన్లో యాప్ ఎక్కింది, కింద నా పేరుతో సహా. అవ్వ గొంతు వినగానే పిల్లలు కేరింతలు కొట్టారు. భాయ్ వాళ్ళకంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. "మా సరోజ చేసింది!" అని దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి చూపించాడు. నా గుండె ఉప్పొంగిపోయింది.

చూపు మందగించి ఆయన దుకాణం నాకు అప్పగించాడు. స్టోర్ నడుస్తూనే ఉంది. చీటీ మీద నా పేరు ఇప్పుడు నేనే రాస్తాను, పెద్ద అక్షరాలతో. సాయంత్రం వచ్చినప్పుడు ఆయనకు కనబడాలి కదా.