నూకమ్మ పిన్ని ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా ఒక పుస్తకాన్ని బీరువాలో చీరల అడుగున దాచుకుని బతుకుతున్నాను. నేను మోస్తున్న బరువు మాత్రం పుస్తకానిది కాదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో కాలేజీ పిల్లలకు భూగోళశాస్త్రం చెబుతాను. ఈ పనంటే నాకు ప్రాణం. కొత్తగా చేరిన పిల్లలు పేజీ నిండా గీతలు గీసి బట్టీ పట్టేస్తారు. ఆ అలవాటు మాన్పిస్తాను. ఒక పేజీ చదవండి, పుస్తకం మూయండి, ఆ సంగతి బొత్తిగా తెలియని మనిషికి ఇంటి మాటల్లో చెప్పండి, వాళ్లడిగిన ప్రశ్నను పేజీ అంచున రాసుకుని జవాబు కోసం మళ్లీ చదవండి అంటాను. పిల్లలు దానికి 'మేడమ్ పద్ధతి' అని పేరు పెట్టేశారు. నేను కాదనలేదు. ఎందుకు కాదనలేదు?

ఆ పద్ధతి గౌరిది. కాదు, గౌరి వాళ్లమ్మది.

గౌరి, నేను డిగ్రీ కలిసి చదివాం. మాది ఈ ఊళ్లోనే డాలీగంజ్, నాన్నది ఆఫీసు ఉద్యోగం. వాళ్లది జంగ్లీఘాట్, వాళ్ల నాన్న చేపలవేటకు వెళ్లేవాడు. సాయంత్రం వాళ్లమ్మ నూకమ్మ పిన్ని వాకిట్లో వల బాగుచేసుకుంటుంటే గౌరి పక్కన చేరి పాఠం చెప్పేది. పిన్నికి అక్షరాలు రావు. అయినా అంత తేలిగ్గా వదిలేది కాదు. నైరుతి గాలుల పాఠం విని, "మరైతే వాన ముందు మన దీవులకే ఎందుకొస్తాదే? ఈ పుస్తకం రాసినోళ్లు ఎప్పుడైనా పడవెక్కారా?" అంది. గౌరి నవ్వుతూనే పెన్సిల్ తీసింది. హిందీ బళ్లలో చదివిన మాకు అప్పట్లో తెలుగు మాట్లాడటమేగానీ రాయడం రాదు. అందుకని ఆ తెలుగు ప్రశ్నను హిందీ అక్షరాల్లో రాసుకుంది. పుస్తకం నిండా అలాంటివే.

పరీక్షలకు పదిహేను రోజుల ముందు ఆ పుస్తకం రెండు రోజులకని అడిగి, మాయాబందర్‌లో అత్తయ్య ఇంటికి తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు మనసులో ఏ పాపమూ లేదు, నిజం. అక్కడ ఆ ప్రశ్నలు పట్టుకుని చదువుతుంటే పాఠం ఎంత సులువుగా తలకెక్కిందో అంత అసూయా పుట్టింది. మార్కుల్లో గౌరి ఎప్పుడూ నాకంటే ముందే. ఈ పుస్తకం ఆమె దగ్గర లేకపోతే? అలా అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే తిరిగొచ్చి అబద్ధం చెప్పాను.

"జెట్టీ దగ్గర పడవ దిగుతుంటే సంచి నీళ్లలో పడిపోయింది గౌరీ. పుస్తకం అందులోనే ఉంది."

ఆమె మొహం పాలిపోయింది. అంతలోనే నా భుజం తట్టింది. "నువ్వు పడలేదు కదే, అది చాలు. కితాబ్ కా క్యా హై, పుస్తకానిదేముంది, లైబ్రరీలో తెచ్చుకుంటా. ప్రశ్నలంటావా, అమ్మ ఉంది కదా. మళ్లీ అడుగుతాది."

మొదటి పేజీ నుంచి అమ్మకు మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి పరీక్ష వచ్చేసింది. గౌరికి టీచర్ ట్రైనింగ్ సీటు కొద్ది మార్కుల తేడాతో పోయింది. నాకు వచ్చింది, తర్వాత ఎంఏ కూడా చేసి కాలేజీలో చేరాను. చిన్నప్పటి నుంచీ టీచర్ కావాలనుకున్నది తను.

గౌరి ఇప్పుడు ఊళ్లోనే మిడిల్ పాయింట్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. సంతోషంగానే ఉంది. నన్ను నేను ఓదార్చుకోవడానికి అంటున్న మాట కాదిది, నిజంగానే ఉంది. అంతమాత్రాన నా తప్పు తగ్గుతుందా? పిన్ని ఇప్పటికీ నాకు ఎండు నెత్తళ్ల చేపలు పంపిస్తుంది. ఎంత బాగుంటాయో! లొట్టలేసుకుంటూ తింటాను, తిన్నాక తల దించుకుంటాను.

ఈ వారం కాలేజీ పత్రికకు 'నా చదువు పద్ధతి' అని రాసిమ్మన్నారు. శీర్షిక దగ్గరే చెయ్యి ఆగిపోయింది. లేచి చీరల అడుగు నుంచి పుస్తకం తీశాను. చివరి పేజీ అంచున పిన్ని ప్రశ్న ఉంది: "అంతా చదివేసినావు కదా, మరి నీకేటి తెలిసినాది?" దాని కింద జవాబు లేదు. గౌరికి రాసుకునే వీలు నేనివ్వలేదు.

శీర్షికలో 'నా' కొట్టేసి 'నూకమ్మ' అని రాశాను. ఎన్నేళ్లకో ఊపిరి హాయిగా ఆడింది. రేపు పుస్తకం పట్టుకుని జంగ్లీఘాట్ వెళ్లి, పిన్నికీ గౌరికీ నేనిక్కడ రాసిందంతా చదివి వినిపిస్తాను. క్షమించమని అడగను. గౌరి ఏమంటుందో తెలియదు. పిన్ని మాత్రం ఎందుకలా చేశావని అడిగి తీరుతుంది. ఆ ప్రశ్నను కూడా అంచున రాసుకుంటాను.