హాన్ సర్‌కి బందరులో ఎవరున్నారు?

ఏడుపు తగ్గాక తీరిగ్గా రాద్దామనుకున్నాను. కుదరదు.

హాన్ సర్ చెల్లెలు ఆదివారం బందరు వస్తున్నారు. ఆవిడ వచ్చేలోపు మీ అందరికీ ఒక విషయం చెప్పాలి. అందుకే ఇవాళే రాస్తున్నాను.

నిన్న పొద్దున అవనిగడ్డ వెళ్లే బస్సులో ఉన్నాను. మా నాంచారమ్మ వదిన ఫోన్ చేసింది.

"సార్ పోయారే" అంది.

"ఎక్కడికి? కొరియాకా? చెప్పకుండా ఎలా వెళ్తారు?" అని నేను కోప్పడుతున్నాను. వదిన ఏడుస్తోందని అర్థమవడానికి కొంచెం టైమ్ పట్టింది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

సర్ పనిచేసే రొయ్యల ఎక్స్‌పోర్ట్ కంపెనీ వాళ్లే కొరియాలో ఉన్న చెల్లెలికి చెప్పారు. నా నంబర్ కూడా ఇచ్చారు. ఆవిడ ఇంగ్లీషులో మెసేజ్ పెట్టారు.

"అన్నయ్య గదిలో ఒక్కడే ఉండేవాడట. ఆ ఊళ్లో అతనికి ఎవరైనా ఉన్నారా?"

టైప్ చేశాను. చెరిపేశాను. మళ్లీ టైప్ చేశాను. ఇంకా పంపలేదు.

సర్ గురించి తెలియని ఫ్రెండ్స్ కోసం కొంచెం చెప్తాను.

హాన్ సర్ ఒకప్పుడు కొరియాలో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌కి మిడ్‌ఫీల్డర్. గోల్స్ కొట్టే రకం కాదు. అవతలివాళ్ల దగ్గర బాల్ లాక్కుని మనవాళ్లకి ఇచ్చే రకం. మోకాలు పాడయ్యాక కోచ్ అయ్యారు. గుడివాడ దగ్గర ఒక ప్రైవేట్ స్కూల్ వాళ్లు "ఇంటర్నేషనల్ కోచ్" అని ఫ్లెక్సీ కట్టి మరీ పిలిపించుకున్నారు. మరుసటి ఏడాదే ఫుట్‌బాల్ తీసేశారు. ఇంకొకరైతే ఫ్లైట్ ఎక్కేసేవారు. ఈయన బందరు వచ్చి, కొరియా కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగంలో చేరి, పొద్దున్నే గ్రౌండ్‌లో మా ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టారు.

"కెరీర్‌లో ఎన్ని గోల్స్ కొట్టారు సర్?" అని ఒకసారి అడిగాం.

"ఒకటి" అన్నారు. బూటు లేసు కట్టుకుంటూ, "మా గోల్‌లోనే" అన్నారు.

ఆ రోజు ప్రాక్టీస్ జరగలేదు. నవ్వడమే సరిపోయింది.

మా నాన్న నన్ను పంపనన్నాడు. మా ఇంట్లో స్కూలుకి వెళ్లినవాళ్లలో నేనే మొదటిదాన్ని. దాని మీద మళ్లీ నిక్కరు వేసుకుని ఆటా! అప్పుడు సర్ గిలకలదిండిలో మా ఇంటికి వచ్చారు. నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. సర్ పక్కన కూర్చుని, అమ్మ వేయించి పెట్టిన ఎండుచేపలు తిని, "మావయ్యా, అమ్మాయిని పంపు" అన్నారు.

"నాకన్నా పెద్దోడు, నన్ను మావయ్యంటాడేంట్రా బాబూ!" అని నాన్న ఒకటే నవ్వు. అంతలా నవ్వాక ఇక కాదని ఎలా అంటాడు?

నేను వెళ్లాను. నన్ను చూసి మా అన్నయ్య భార్య, అదే నాంచారమ్మ వదిన, తనూ వచ్చేసింది.

టీమ్‌లో అందరికన్నా పెద్దది వదినే. అక్కడే వచ్చింది తంటా.

గుడివాడలో మ్యాచ్. మాకు తెలియకుండానే అందరం బాల్ వదినకే ఇస్తున్నాం. గోల్ ముందు లావణ్య ఖాళీగా నిలబడి ఉన్నా సరే, వదినకే. గుడివాడ పిల్లలు ఇది వెంటనే కనిపెట్టేసి, ముగ్గురు వదిన చుట్టూ చేరారు. అయినా మేం అటే కొడుతున్నాం.

హాఫ్ టైమ్‌లో సర్ అడిగారు. "వదిన దగ్గర ముగ్గురు. బాల్ మళ్లీ వదినకే. ఎందుకు?"

"పెద్దది కదా సర్!" అన్నాం, అందరం ఒకేసారి.

తిడతారనుకున్నాం. ఆయన గడ్డిలో కూలబడి నవ్వారు. కొరియాలోనూ ఇంతేనట. కుర్రతనంలో ఆయన కూడా బాల్ దొరికితే చాలు, సీనియర్ అన్నకే ఇచ్చేవారట. అలా ఇచ్చీ ఇచ్చీ బెంచ్ మీద కూర్చున్నారట.

తర్వాత మాకేమీ చెప్పలేదు. వదిన వైపు తిరిగి, "పెద్దవాళ్లు నువ్వు. నువ్వే చెప్పు" అన్నారు తన వచ్చీరాని తెలుగులో.

వదిన నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమే, ఇక నుంచి నాకు బాల్ ఎవతన్నా ఇచ్చిందో, దానికి నా చేతి కూడు లేదు!"

సెకండ్ హాఫ్ అంతా వదిన ఒక మూల నిలబడి "నాకివ్వొద్దే, నాకివ్వొద్దే" అని అరుస్తూనే ఉంది. గుడివాడ వాళ్లు ఇదేదో ప్లాన్ అనుకున్నారు. ముగ్గురూ ఆమెను వదల్లేదు. ఖాళీగా ఉన్న లావణ్యకి నేను బాల్ ఇచ్చాను. గోల్!

గెలిచి బస్సెక్కాం. వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఏంటి వదినా?"

"ఇవ్వొద్దంటే మాత్రం... ఒక్కటి కూడా ఇవ్వరేంటే?"

వెనక సీట్లో సర్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ నవ్వే వినిపిస్తోంది. అందుకే ఈ పోస్ట్ ఏడుస్తూ రాయలేకపోతున్నాను.

వెళ్లి రండి సర్. ఎక్కడున్నా మీ మనసు చల్లగా, నిమ్మళంగా ఉండాలి.

ఇక మనవాళ్లకి.

ఆదివారం పొద్దున ఏడింటికి మన గ్రౌండ్‌లో మ్యాచ్ ఆడదాం. ఆయన చెల్లెల్ని నేను తీసుకొస్తాను. గూడూరులో ఉన్నవాళ్లు, పెళ్లయి దివిసీమ వెళ్లినవాళ్లు, ఆట మానేసినవాళ్లు, పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లు, అందరూ రండి. ఆ రోజు మమ్మల్ని ఓడించబోయిన గుడివాడ అమ్మాయిలూ, మీరు కూడా.

వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా కింద కామెంట్లలో మీ పేరు రాయండి. ఆవిడ మెసేజ్‌కి జవాబుగా ఆ పేర్లే పంపిస్తాను.