పిడి చూసి చెప్పిన మాట

ఆ రోజు నేను చెప్పింది తప్పని నాకు అక్కడికక్కడే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. పాత క్షవరం కత్తుల వయసు ఎలా కనుక్కుంటారని చాలామంది అడుగుతుంటారు. ఎన్నో కత్తుల కథలు చెప్పాను గానీ, దీన్ని మాత్రం అలా అడిగినవాళ్లెవరికీ చెప్పలేదు.

కరోనాకు ముందటి ఏడాది. నా పేరు దానం, కావలి స్టేషన్ దారిలో నాది సాన పట్టే అంగడి. పిడిలోకి మడుచుకుని, రాతి మీద నూరుకుంటూ తరాలపాటు వాడే పాత కత్తులంటే నాకు పిచ్చి. చేతిలోకి తీసుకోగానే ఏ కాలందో దానం చెప్పేస్తాడని పేరు. ఆ పేరు చూసుకుని మురిసిపోయే రోజులవి.

ఒక మధ్యాహ్నం జువ్వలదిన్నె నుంచి నలుగురు వచ్చారు. రమణమ్మ, ఆమె మరిది శీనయ్య, ఊరి కాపులు ఇద్దరు. సముద్రం మీద బతికే ఆ ఊళ్లలో పెద్దలను కాపులంటారు. భర్త పోయాక హార్బరు దగ్గరి క్షవరం అంగడిని రమణమ్మే నడుపుతోంది. వేట నుంచి వచ్చినవాళ్లకు గడ్డాలు తనే గీస్తుంది. వాళ్లింట్లో తాతల నాటి కత్తి ఒకటుంది. ఏటా ఆయుధపూజకు దానికే మొక్కుతారు. దాన్ని వదినె ఎవరికో అమ్మేసి కొత్తది తెచ్చిపెట్టిందని శీనయ్య ఆరోపణ. అదే నిజమైతే ఆమె అంగడి వదిలేయాలి, మరిదికి ఇవ్వాలి. నా మాటకు కట్టుబడతామని కాపులిద్దరూ అన్నారు.

"మా అన్న చేతిలో ఉన్నది కొమ్ము పిడి, దానం అన్నా. ఇదేంది, ప్లాస్టిక్కు!" అన్నాడు శీనయ్య. అన్న చనిపోయినప్పుడు అతను చెన్నైలో ఉన్నాడు. వచ్చేసరికి చితి ఆరిపోయింది.

కత్తి తీసుకున్నాను. మెరిసే నల్లటి ప్లాస్టిక్ పిడి, కొత్త రివెట్టు. సాన కోసం వచ్చిన దర్జీలు కూడా నన్నే చూస్తున్నారు. "ఇది నిన్నమొన్నటిది" అనేశాను.

రమణమ్మ ముఖం పాలిపోయింది. "అన్నా, మా ఆయన పోయినంక పిడి మార్చినారు. ఎందుకో నాకు చెప్పలా. కత్తి మాత్రం అదే. ఇంకోసారి చూడన్నా."

"ఇన్నారా! రేపు తల మార్చినా, మొగుడు మాత్రం ఆయనే అంటది" అని శీనయ్య నవ్వాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

భూతద్దం పెట్టాను. అలుగుకూ, అంటే గీసే రేకుకూ, పిడికీ మధ్య మెడలాంటి ఇనుప భాగం ఉంటుంది, దాన్ని టాంగ్ అంటారు. తయారుచేసినవాళ్లు ముద్ర కొట్టేది దాని మీదే. కత్తి తయారైన సీమ ఊరి పేరు పక్కన దేశం పేరు కూడా ఉంటే ఆ కత్తి కాస్త తర్వాతి కాలందై ఉంటుంది. దీని మీద అరిగిన ఊరి పేరొకటే ఉంది. అదొక్కటే నమ్మకూడదు, అందుకని అలుగు తిప్పి చూశాను. వెన్ను దగ్గర లావుగా మొదలై అంచుదాకా తిన్నగా సన్నబడింది. దీన్ని వెడ్జ్ అంటారు, పాత పద్ధతి. రెండు పక్కలా లోపలికి తొలిచినట్టుండే హాలో గ్రైండ్ ఆ తర్వాత వచ్చింది. నూరినప్పుడల్లా వెన్ను కూడా రాతికి తగిలి అరుగుతుంది. ఈ వెన్ను అరిగిన తీరు ఒక మనిషి ఆయుష్షులో అరిగేది కాదు. అన్నిటికన్నా రివెట్టు పట్టే రంధ్రం నన్ను పట్టేసింది. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. ఈ అలుగుకు ఎన్ని పిడులు మారాయో!

"ఏందంటావు, దానం?" అని పెద్దకాపు అడిగాడు.

భూతద్దం దించాను. ఒక్క మాట చాలు. కానీ అందరి ముందరా అన్నదాన్ని అందరి ముందరా వెనక్కి తీసుకోవాలి.

"చూసినా. ముందు చెప్పిందే" అన్నాను.

రమణమ్మ ఏడవలేదు. కత్తి మడిచి కొంగున ముడేసుకుంది. "సరేలే అన్నా" అని మెట్లు దిగింది. ఆ వారంలోనే అంగడి మరిది చేతికి పోయింది. ఆమె కోట అనే ఊళ్లో ఉన్న అక్క దగ్గరికెళ్లి, రొయ్యల గుంటల్లో కూలికి చేరిందని విన్నాను.

ఆమె తెచ్చిపెట్టింది ఎక్కడో దొరికిన వేరే పాత కత్తేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. పోయిన ఏడాది ఆ సాకు కూడా మిగల్లేదు. పెంచలయ్య అనే ముసలాయన దూరపు ఊరి నుంచి పిడి లేని కత్తి తెచ్చి, పిడి వేయమన్నాడు.

"పాతదేమైంది, పెద్దాయనా?"

"మా అన్నతో పంపించినాం, అబ్బయా. మా వంశంలో అంతే. పిడి మనిషిది, అలుగు ఇంటిది. చేతి చెమట తాగిన పిడి చితిలోకి పోవాల. ఆడోళ్లు కాటికి రారు గదా, వాళ్లకీ సంగతి తెలీదు. కాట్లో దగ్గరుండి చూడని మగోళ్లకీ తెలీదు."

కత్తి బల్ల మీద పెట్టేశాను. "జువ్వలదిన్నె రమణమ్మ వాళ్లు మీకేమవుతారు?"

"మావాళ్లే. ఆమె మొగుడి కొమ్ము పిడి ఊడదీసి చితిలో పెట్టింది నేనే. చేతికి దొరికిన ప్లాస్టిక్కుది తగిలించినా. ఏం, ఊడిందా?"

మర్నాడే పెంచలయ్యను వెంటబెట్టుకుని కోటకు పోయాను. రమణమ్మ గుంట గట్టు మీద మేత బస్తా దించుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని నా వైపు తిరిగింది.

"నాకెందుకు చెప్తావన్నా? నాకు తెలీందా? ఎవరి ముందర అన్నావో వాళ్ల ముందర చెప్పు."

ఇప్పుడు నా దగ్గరికి ఏ కత్తి వచ్చినా ముందు పిడికి గుడ్డ చుడతాను. అలుగు చూడటం అయ్యాకే గుడ్డ విప్పుతాను. చూసింది చెప్పే ధైర్యం మాత్రం ఆ గుడ్డతో రాదు. ఆ రోజు రమణమ్మ ఇంటికెళ్లి కత్తిని కొంగున ముడేసుకుని వచ్చింది, ముగ్గురం జువ్వలదిన్నె బస్సెక్కాం.

హార్బరు అంగడిలో శీనయ్య ఎవరికో గడ్డం గీస్తున్నాడు. కాపులిద్దరినీ పిలిపించాను. పెంచలయ్య తన మాట చెప్పాడు. శీనయ్య చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. సగం గడ్డం మీద నురగతో కుర్చీలో మనిషి కూడా కదల్లేదు. రమణమ్మ కొంగుముడి విప్పి కత్తి నా చేతికిచ్చింది. టాంగ్ మీద ముద్ర, అరిగిన వెన్ను, సాగిన రంధ్రం ఒక్కొక్కటే కాపులకు భూతద్దంలో చూపించాను.

"మరి ఆ పొద్దు ఇవేవీ కనపడలేదా?" అన్నాడు పెద్దకాపు.

"కనపడినాయి" అన్నాను. తర్వాత రమణమ్మ వైపు తిరిగాను. "రెండోసారి చూడమన్నావే, అప్పుడే కనపడినాయమ్మా. నా పేరు పోతాదని నీ పేరు పోగొట్టినా. ఈ కత్తి మీ తాతలదే, నువ్వు దొంగవు కాదు, ఈ అంగడి నీదే. తప్పు చేసింది నేను. నన్ను క్షమించు తల్లీ."