చేపల చావు మీద ఒక పేపరు

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో నేను వట్లూరులో ఒక కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పేవాణ్ణి. పీహెచ్‌డీ చేతికి రావాలంటే జర్నల్లో ఒక్క పేపరైనా అచ్చవాలి. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకి కొదవ లేదు. నా అదృష్టానికి గణపవరం దగ్గర ఒక రైతుగారి చెరువులో చేపలు చచ్చిపోతున్నాయి. పరిశోధకుడికి అంతకంటే ఏం కావాలి!

ఆయన ఉన్న వరిచేనంతా తవ్వించి చెరువు చేసుకున్న మనిషి. ఇంటికి మరో ఆధారం లేదు. తెల్లవారేసరికి బొచ్చెలూ శీలావతులూ నోళ్ళు తెరుచుకుని పైకి తేలేవి, ఎండెక్కేలోగా కొన్ని చచ్చేవి. నేను సీసాల్లో నీళ్ళు పట్టుకుంటుంటే ఆయన గట్టు మీద నిలబడి ఒక్కటే అడిగేవారు.

"ఏవండీ మాస్టారూ, ఎందుకు పోతున్నాయో కాస్త చూసి చెప్పండి. మీకు పుణ్యముంటుంది."

అడిగి, ఇంటికి తీసుకెళ్ళి పెసరట్టు పెట్టించేవారు.

కారణం ఆ మొదటి వేసవిలోనే తేలింది. చేపల మేత పెరగడానికి చెరువులో వేసే కోళ్ల ఎరువు మోతాదు మించింది. దాంతో నీళ్ళు పచ్చగా చిక్కబడి, తెల్లవారుజామున చేపలకి ఊపిరాడటం లేదు. పరుగున వెళ్ళి మా గైడు గారికి చెప్పాను.

"ఎక్కడా నోరు జారకు. అచ్చయ్యేదాకా ఇది మన మధ్యే ఉండాలి. ఎవడైనా విని ముందు రాసేసుకున్నాడంటే నీ డిగ్రీ గోవిందా!" అన్నారాయన.

గణపవరంలో పెసరట్టు తినేవాళ్ళలో జర్నల్‌కి రాసేవాడెవడో నాకు తోచలేదు. అయినా గైడు మాట వేదవాక్కు.

మొదటి పేపరు ఆయన అభిరుచి ప్రకారమే రాశాను. ఒక్కో వాక్యం ఏలూరులో మొదలైతే తాడేపల్లిగూడెంలో గానీ ఆగేది కాదు. "అర్థమైపోతే దాన్ని రీసెర్చ్ అని ఎవరంటారోయ్" అనేవారు. కొన్ని నెలలకి జర్నల్ వాళ్ళు దాన్ని తిప్పి పంపారు. ఇంతకీ చేపలు ఎందుకు చచ్చాయో దయచేసి చెప్పగలరా అని అడిగారు. అచ్చం రైతుగారి ప్రశ్నే. కాకపోతే వీళ్ళకి జవాబు చెప్పక తప్పదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇప్పుడు గైడు గారికి స్పష్టత పిచ్చి పట్టుకుంది. వాక్యానికి ఒక్క విషయమే ఉండాలన్నారు. బరువైన మాటలన్నీ కొట్టేశారు. కామర్సు లెక్చరర్‌కి కూడా అర్థమవ్వాలన్నారు. కామర్సు వాళ్ళకి చూపిస్తే ప్రమాదం లేదట. నాతోపాటు రోజూ తాడేపల్లిగూడెం రైలెక్కే కామర్సు మాస్టారికి చిత్తుప్రతులు ఇస్తూ వచ్చాను. చివరికి ఒకరోజు ఆయన, "ఎరువెక్కువై చచ్చాయి, అంతేగా? దీనికి ఇంత చదువెందుకండీ?" అన్నారు. ఆ మాట చెబితే గైడు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఈలోగా రైతుగారు అడుగుతూనే ఉన్నారు. "రిజల్ట్స్ ఇంకా రావాలండీ" అని నేను అంటూనే ఉన్నాను. ఆయన గట్టున దిష్టి గుమ్మడికాయ కట్టించారు. చేపపిల్లల్ని మరోచోట నుంచి తెప్పించి చూశారు. మేత చాలక చేపలు నీరసించాయేమోనని ఇంకో లారీ కోళ్ల ఎరువు దింపించారు. ఆ లారీ ఖాళీ అయ్యేదాకా నేను సీసాల్లో నీళ్ళు పట్టుకుంటూనే ఉన్నాను. పేపరు రెండో రివ్యూలో ఉంది మరి.

మరుసటేడు అచ్చయింది. ఎంతో స్పష్టంగా రాశారని జర్నల్ వాళ్ళు మెచ్చుకున్నారు కూడా. కాపీ పట్టుకుని గణపవరం వెళ్ళాను. చెరువు ఖాళీగా ఉంది. మబ్బు పట్టిన ఒక తెల్లవారుజామున ఉన్న చేపలన్నీ పోయాయట. ఆ గట్టు మీదే నిలబడి పేపరులో ఉన్నది ఆయనకి తెలుగులో చెప్పాను. రెండు వాక్యాల్లో అయిపోయింది.

"ఇది మీకెప్పుడు తెలిసిందండీ?" అన్నారు.

"వచ్చిన మొదటి వేసవిలోనేనండీ."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

"మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?"

"అందరికీ అర్థమయ్యేలా రాస్తున్నానండీ" అన్నాను.